జెద్దా నుంచి ఎత్యెన్ వెళ్లిన చావు

మొన్న హైదరాబాదులో ఒక ఫ్రెంచి దర్శకుడి సినిమాలు మూడు సాయంత్రాలు వరసగా వేశారు. ఆయన పోయిన సందర్భంగా వేశారట. పేపర్లో ఫోటో చూసి గుర్తుపట్టి, కోరుట్లలో బస్సెక్కి వెళ్లాను. ఆయన నాకు సినిమాల ద్వారా తెలిసినవాడు కాదు. జెద్దాలో ఇద్దరం ఒకే ఇంట్లో ఉన్నాం, ఒకే పొయ్యి మీద వండుకున్నాం, ఒకే స్నానాల గది ముందు ఒకరి కోసం ఒకరం విసుక్కుంటూ నిలబడ్డాం. హాలు గుమ్మం దగ్గర ఒక చిన్న పుస్తకం చేతిలో పెట్టారు. అందులో ఆయన పుట్టిన ఊరు, చదువు, సినిమాలు, వచ్చిన బహుమతులు అన్నీ ఉన్నాయి. మూడో సినిమాకూ నాలుగో సినిమాకూ మధ్య ఒకే ఒక్క వాక్యం: కొంతకాలం సౌదీ అరేబియాలో గడిపాడు, అక్కడ ఏమీ తీయలేదు. సినిమా అయ్యాక చెయ్యెత్తి మైకు అడిగాను. ప్రశ్న ఉంటే అడగండి, అభిప్రాయమైతే తర్వాత చెప్పండి అన్నారు. నాది ప్రశ్న కాదు, అభిప్రాయం కాదు, మీరు అచ్చేసింది తప్పు అన్నాను. మైకు నా వెనక వరసలో ఉన్న అమ్మాయికి ఇచ్చేశారు. ఆ అమ్మాయి కెమెరా కోణాల గురించి ఏదో అడిగింది. నాకు ఇలాంటివి మరుపుకు రావు. అక్కడ చెప్పనివ్వనిది ఇక్కడ రాస్తున్నాను. ఆయన పేరు ఎత్యెన్. ఇంటిపేరు రాయవద్దని వాళ్ల చెల్లెలు కోరింది, అందుకని రాయడం లేదు. కోరింది ఆమె కాకపోతే రాసేవాణ్ణే.

ముందు నా సంగతి చెప్పాలి. లేకపోతే జరిగింది అర్థం కాదు. గల్ఫ్ పోకముందు నేను మా ఊళ్లో వీడియో తీసేవాణ్ణి. పెళ్లిళ్లు, పుట్టువెంట్రుకలు, చీర కట్టించే ఫంక్షన్లు అందరూ తీసేవే. మా వైపు ఇంకో పని ఉండేది, చావు క్యాసెట్లు. ఇంటికొకరు దుబాయిలోనో మస్కట్‌లోనో సౌదీలోనో ఉండేవారు. తండ్రి పోతే కొడుకు రాలేడు. పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంటుంది, అతను ఇవ్వడు. అందుకని చావుని వీడియో తీసి పంపేవాళ్లు. దీనికి మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. ముందు వీధి మలుపు, తర్వాత ఇంటి ముందు పొగ పెట్టిన కుండ, తర్వాత గడప. కొడుకు నడిచి వస్తే ఏది ముందు కనబడుతుందో అదే ముందు తీయాలి. శవం ముఖం దగ్గర ఆగాలి, చూసేవాడు కడుపునిండా ఏడ్చేదాకా ఆగాలి. వచ్చిన ప్రతి చుట్టాన్నీ ముఖం కనబడేలా తీయాలి, లేకపోతే మేనమామ రాలేదా అని అక్కడ కూర్చుని బాధపడతాడు. చివర్లో ఇంటివాళ్లు పాడె పక్కన వరసగా నిలబడతారు. ఆ వరసలో కొడుకు నిలబడవలసిన చోట ఒక మనిషి పట్టేంత ఖాళీ వదలమని నేనే చెప్పేవాణ్ణి. తర్వాత స్టూడియోలో మిక్సింగ్ చేసి ఆ ఖాళీలో కొడుకు ఫోటో పెట్టేవాళ్లం. ఫోటో మరీ చిన్నదైతే పైన మూలన గులాబీల చట్రంలో పెట్టేవాళ్లం. ఆ క్యాసెట్లు చూసి ఎవరూ మెచ్చుకునేవారు కాదు. చావు వీడియో బాగా తీశావని ఎవరంటారు? చావులు తీసేవాడినని పెళ్లి భోజనాల్లో నన్ను చివరి బంతికి కూర్చోబెట్టేవాళ్లు.

తర్వాత నేనే గల్ఫ్ పోయాను. జెద్దాలో కంపెనీలకు వీడియోలు తీసిపెట్టే ఒక చిన్న ఆఫీసులో కెమెరా పని. అక్కడ ఉండేందుకు ఇచ్చే నా ఇఖామా కార్డు మీద మాత్రం తోటపని అని ఉండేది. దేశం మొత్తం మీద ఒక్క సినిమా హాలు కూడా లేని రోజులవి. ఆఫీసూ ఇల్లూ ఒకటే భవనంలో, షరఫియా బజారుకు కొంచెం అవతల. కింద ఎడిటింగ్ గది, మేనేజరు గది, పైన మేము పడుకునే గదులు, ఆ పైన డాబా. పొద్దున్నే లేస్తే ఏసీ దుమ్ము వాసన, పక్కింటి అరబ్బుల కాఫీలోంచి యాలకుల వాసన, మా వంటింట్లోంచి మాడిన వెల్లుల్లి వాసన కలిసి వచ్చేవి. మేనేజరు ప్రసాదరావుగారిది ఏలూరు. మా వీసాల అరబ్బు యజమాని కఫీల్ తరఫున కాగితాల పనంతా ఆయనదే. పెద్దమనిషి, శుక్రవారం పూట మినప్పప్పు నానబెట్టి తనే రుబ్బుకుని అట్లు పోసేవాడు. ఆయన దగ్గర ఒక గోంగూర పచ్చడి సీసా ఉండేది, మూత మీద పేరు రాసిన కాగితం అంటించి ఉండేది. శుక్రవారం ఎత్యెన్‌కు ఆ పచ్చడి వడ్డించేవాడు. తెల్లవాడు కారానికి కళ్లనీళ్లు పెట్టుకుంటుంటే ముచ్చటపడి చూసేవాడు. అదే బల్ల దగ్గర కూర్చున్న నాకు ఒక్కసారి కూడా, వేసుకోవయ్యా రాజేశం, అనలేదు. గోంగూర పుట్టిన రాష్ట్రంవాణ్ణి నేను.

ఎత్యెన్‌ను కంపెనీ ఫ్రాన్స్ నుంచి రప్పించింది. సముద్రం నీళ్లను మంచినీళ్లు చేసే ఒక ప్లాంటు మీద పెద్ద వీడియో తీయాలి. అప్పటికి ఆయనకు యాభై దాటాయి. పొడుగు, వంగిన భుజాలు. కాఫీని కప్పులో కాకుండా సూపు గిన్నెలో పోసుకుని రెండు చేతుల్తో పట్టుకుని తాగేవాడు. నారింజ తొక్కను తెగకుండా ఒకే పట్టీగా ఒలిచి కిటికీలో ఎండబెట్టేవాడు, గదంతా ఆ వాసనే. రోజూ చేతిరుమాళ్లు ఇస్త్రీ చేసుకునేవాడు. వాళ్ల నాన్నకు ఉత్తరాది పట్నంలో బట్టలుతికే దుకాణం ఉండేదట, అక్కడి అలవాటు. మా మధ్య నడిచింది ముక్కలు ముక్కలు ఇంగ్లీషు. అందులోనే తన కథంతా నాకు చెప్పాడు. మొదటి సినిమా, రేవులో పడవ నడిపే ఇద్దరు మగవాళ్ల గురించి, చిన్న వయసులోనే తీశాడు. పెద్ద పేరొచ్చింది. రెండోది ఎవరూ చూడలేదు. మూడోదాన్ని నిర్మాతలు కత్తిరించి ముక్కలు చేశారు. ఆ తర్వాత ఆయన ఫోను ఎత్తేవాడు లేకపోయాడు. అన్ని సినిమాల్లోనూ ఒకటే తీరు. కథ ఎవరి కోసం నడుస్తుందో ఆ మనిషి కనబడడు. తెరిచిన తలుపు కనబడుతుంది, రెండు పళ్లేలు కనబడతాయి, మనిషి రాడు. ఆ లేకపోవడాన్నే విమర్శకులు మెచ్చుకున్నారట. నాకు ఆ సినిమాలు సీడీ వేసి చూపించాడు. మనిషిని చూపించకుండా సినిమా ఏంటి సార్ అన్నాను. నీకు జూమ్ తప్ప ఇంకేం తెలియదు అన్నాడు. అప్పట్నుంచి ప్లాంటు ఇంజనీర్ల ముందు కూడా నన్ను జూమ్ అనే పిలిచేవాడు. నా పేరు రాజేశం.

ఇంతకంటే పెద్ద అవమానం ఇంకొకటి జరిగింది. మా జగిత్యాల వైపు మేస్త్రీ మల్లయ్య ఒక శుక్రవారం పొద్దున్నే క్యాసెట్ పట్టుకుని వచ్చాడు. వాళ్ల నాన్న చావు. అన్న సౌదీలోనే ఇంకో ఊరు ఖమీస్ ముషైత్‌లో ఉన్నాడు, అతనికి పంపడానికి కాపీ కావాలన్నాడు. కింద గదిలో వేశాను. మల్లయ్య నేల మీద కూర్చుని తలకు తువ్వాలు చుట్టుకుని చూస్తున్నాడు. ఎత్యెన్ కాఫీ గిన్నెతో వచ్చి వెనక నిలబడ్డాడు. తెర మీద పాడె, పక్కన వరస, వరసలో మల్లయ్య పాస్‌పోర్టు ఫోటో, పక్కవాళ్ల తలలకు రెండింతల తలతో. ఎత్యెన్ నవ్వాడు. పైకే నవ్వాడు.

"గా తెల్లోడు ఎందుకు నవ్విండే?" అన్నాడు మల్లయ్య.

"నిన్ను జూసి గాదు తియ్యి," అన్నాను.

అతను వెళ్లాక ఎత్యెన్ నాకు పాఠం చెప్పాడు. చావుని అలా తీయకూడదట. రానివాణ్ణి వచ్చినట్టు చూపించడం బొమ్మల పుస్తకం పనట. లేనివాడు లేకుండా ఉండడమే సినిమా అట. నేను తీసినవి ఇలాంటివి రెండు మూడు వందలుంటాయి సార్, ఏ ఒక్కడూ నవ్వలేదు అన్నాను. ఆ మాట ఆయన పట్టించుకోలేదు. నేను మరిచిపోలేదు.

హజ్ దగ్గరపడుతున్న రోజుల్లో ఫ్రాన్స్ నుంచి ఫోన్ వచ్చింది. మార్సెల్ అనే మనిషికి బాగాలేదు, బతకడం కష్టమన్నారు, వెంటనే రమ్మన్నారు. ఎత్యెన్ ప్రసాదరావుగారి గదికి వెళ్లాడు, నన్నూ తోడు రమ్మన్నాడు. దేశం దాటి వెళ్లి తిరిగి రావాలంటే ఎగ్జిట్ రీఎంట్రీ కావాలి, దాని మీద కఫీల్ సంతకం కావాలి, ఆ సంతకానికి ఒక కారణం కావాలి.

"ఎవరికండీ బాగోనిది?" అన్నారు ప్రసాదరావుగారు.

"నాతో ఉండే మనిషికి."

"అంటే రూమ్మేటా? రూమ్మేటుకి జొరమొచ్చిందంటే కఫీల్ నవ్వుతాడండీ. అమ్మా, నాన్నా, పెళ్లామా, పిల్లలా, అన్నదమ్ములా? ఏదో ఒకటి చెప్పండి, అరబీలో రాయించేస్తాను."

ఎత్యెన్ చేతిరుమాలు మడతపెడుతూ నిలబడ్డాడు.

"తమ్ముడని రాయించేస్తానండీ. ఎవడొచ్చి చూస్తాడు?"

"తమ్ముడు కాదు."

"కాదని నాకూ తెలుస్తూనే ఉంది. ఏమయ్యా రాజేశం, ఈయన మొండితనం ఏంటయ్యా? నువ్వన్నా చెప్పవయ్యా!"

తర్వాత వంటింట్లో ఉల్లిగడ్డలు ముందేసుకుని నేను గట్టిగానే అడిగాను. "తమ్ముడంటే మీదేం పోతది సార్? మనిషి దక్కాలె గానీ."

అప్పుడు చెప్పాడు. మార్సెల్ బడిపంతులు. ఇరవై ఏళ్లుగా ఇద్దరూ ఒక ఇంట్లో ఉన్నారు. ఎత్యెన్ గే. ఆ మాట కూడా నేను ఆ రోజే నేర్చుకున్నాను, మా ఊళ్లో ఉన్న మాటలు రాయదగ్గవి కావు. వాళ్ల దేశంలో ఇద్దరూ కోర్టుకు వెళ్లి కలిసి ఉన్నామని సంతకం పెట్టిన కాగితం కూడా ఉందట. ఈ దేశంలో ఆ కాగితం తీసి చూపిస్తే నేరుగా జైలే. ఇల్లు అద్దెకిచ్చినవాళ్లకు మార్సెల్‌ను చుట్టమని చెప్పాడు. షూటింగుల్లో డ్రైవరని చెప్పాడు. మార్సెల్ వాళ్లమ్మ ఇంట్లో తనే స్నేహితుడిగా కూర్చునేవాడు. పోయిన చోటల్లా ఒక కొత్త వరస కలిపాడు. మార్సెల్ ఎప్పుడూ ఏమీ అనలేదు, ఒక్కసారి మాత్రం, ఏదో ఒక ఆఫీసులో ఒక్కసారి నేనెవరో సరిగ్గా చెప్పు, అన్నాడట.

"అతనడిగిన ఆఫీసు ఇప్పుడు ఇదే," అన్నాడు ఎత్యెన్. "ఇక్కడ నిజం చెప్పలేను. కానీ మళ్లీ అబద్ధం చెప్పి అతని దగ్గరికి వెళ్లలేను."

నాకు కోపం వచ్చింది. వేరే దానికి కాదు. "యాడాది సంది ఒక్క గిన్నెల తింటున్నం. నాకు చెప్పేది లేదా సార్?"

"తెలిస్తే నీకు ప్రమాదం."

"నాకు ప్రమాదమో కాదో నేను జూసుకుంట. నేనేమన్న ప్రసాదరావునా?"

ఆయన మొహంలో మొదటిసారి సిగ్గులాంటిది కనిపించింది. ఆ రాత్రంతా పైన నడుస్తూనే ఉన్నాడు. మర్నాడు కాక ఆ మర్నాడు పొద్దున్నే గడ్డం గీసుకుని కిందికి దిగి, తమ్ముడే, రాయించండి అన్నాడు. ప్రసాదరావుగారు నెత్తి కొట్టుకున్నారు. కఫీల్ అప్పటికే యాత్రికుల పని మీద మక్కా పక్కనున్న మినాకు వెళ్లిపోయాడు. పాస్‌పోర్టుల ఆఫీసు, జవాజాత్, బక్రీద్ సెలవులకు మూసేశారు. మొన్న చెప్పి ఉంటే సంతకం పెట్టించేవాణ్ణి కదండీ అన్నారు. ఆ మాటలో తప్పేమీ లేదు, అయినా అనకుండా ఉండవలసింది. పండగ రోజున, వీధంతా మాంసం పంచుకునే సందడిలో ఉండగా, ఎత్యెన్ చెల్లెలు ఓదిల్ ఫోన్ చేసింది. మార్సెల్ పోయాడు. ప్రసాదరావుగారు పైకి వచ్చి, మీ తమ్ముడి ఆత్మకు శాంతి కలగాలండీ అని చేతులు పట్టుకున్నారు. ఎత్యెన్ ఆయనకు థాంక్స్ చెప్పవలసి వచ్చింది. అబద్ధం చెప్పనూ చెప్పాడు, దానితో వెళ్లనూ లేదు.

మధ్యాహ్నం నా గది గుమ్మంలో నిలబడ్డాడు. "మీవాళ్లు ఎలా తీస్తారో చెప్పు," అన్నాడు. నాకు మల్లయ్య తువ్వాలు గుర్తొచ్చింది. కూర్చోండి సార్ అన్నాను. ఫోను కార్డులు కొనుక్కొచ్చాను. నాకు వాళ్ల మతం చావుల పద్ధతి తెలియదు కాబట్టి ముందు విమలక్కకు ఫోన్ చేశాను. భీమవరం ఆవిడ, ఇక్కడ ఆసుపత్రిలో నర్సు, ఇంటి నుంచి వచ్చిన టేపులు నా దగ్గరే కాపీ చేయించుకునేది.

"పెట్టెలో పెట్టి మూతేసేస్తారు తమ్ముడూ. మూసేముందే ముఖం తియ్యమను. గుళ్లో ఫాదర్‌గారికి అడ్డం పడొద్దను. గొయ్యి దగ్గర అందరూ నిలబడతారు, అక్కడ తీసుకోవచ్చు. ఇంతకీ పోయిందెవరు?"

"మా సార్ మనిషి అక్కా."

"మనిషంటే?"

"మనిషే అక్కా."

ఆవిడ గొంతు తగ్గించింది. "అర్థమైందిలే. తెలియనట్టుంటాను. మా చర్చిలో దీన్ని తప్పంటారు తమ్ముడూ. అయినా ఏడవాల్సినోళ్లు ఏడవాలి గదా. వరస దగ్గర చోటు వదలమని చెప్పావా, మీ పద్ధతి?"

నేను చెబుతుంటే ఎత్యెన్ ఫోన్లో ఓదిల్‌కు ఫ్రెంచిలో చెప్పాడు. వీధి మలుపు నుంచి మొదలుపెట్టాలి. తలుపు దగ్గర ఆగాలి. ముఖం మీద ఆగాలి, కెమెరా కదపొద్దు, ఏడుపొస్తే కెమెరా బల్ల మీద పెట్టి ఏడవాలి. వచ్చిన ప్రతి ఒక్కరినీ తీయాలి. చివరి వరస దగ్గరికొచ్చేసరికి ఆయన ఆగిపోయాడు. వాళ్ల వరసలో చోటు వదలమని ఆ ఇంటివాళ్లను ఎలా అడుగుతుంది అన్నాడు. అడగొద్దు, ఓదిల్‌నే మార్సెల్ తల్లి పక్కన కాసేపు నిలబడి మెల్లగా పక్కకు జరగమనండి అన్నాను. ఒకరు పక్కకు తప్పుకుంటే జనం వెంటనే దగ్గరకు జరగరు. ఇది నేను ఎన్నో పాడెల దగ్గర చూసింది.

టేపు తేవడం కూడా సులువు కాదు. వీడియో టేపులు విమానాశ్రయంలో పట్టుకుని చూసేవారు. ప్లాంటులో పనిచేసే ఒక ఫ్రెంచి ఇంజనీరు ఖాళీ టేపుల మధ్య పెట్టుకుని తెచ్చాడు. శుక్రవారం పొద్దున, వీధి ఖాళీగా ఉన్న వేళ, కింద గదిలో వేశాను. పైన ప్రసాదరావుగారి పోపు వాసన. ఓదిల్ చెప్పింది చెప్పినట్టు తీసింది. చలికాలపు పల్చని ఎండ, రాళ్లు పరిచిన వీధి, నీలం తలుపు. మార్సెల్ ముఖం. బక్కపలచటి మనిషి, జుట్టు నున్నగా దువ్వారు, ఎత్యెన్ అది చూసి అతనెప్పుడూ అలా దువ్వుకోలేదు అన్నాడు. గుళ్లో ఫాదర్ పోయినవాడి వెనక మిగిలినవాళ్ల పేర్లు చదివాడు. తల్లి, అన్న, మేనకోడళ్లు, బడి పిల్లలు. ఎత్యెన్ అక్కడ ఆపించాడు, వెనక్కి తిప్పించాడు, మళ్లీ విన్నాడు. గొంతు పెంచమన్నాడు. మళ్లీ విన్నాడు. తన పేరు లేదు. గొయ్యి దగ్గర కెమెరా ఎవరో పొరుగావిడ చేతికి మారినట్టుంది. ఓదిల్ వరసలోకి వచ్చి తల్లి పక్కన నిలబడింది. తర్వాత పక్కకు జరిగింది. తల్లికీ అన్నకూ మధ్య ఒక మనిషి పట్టేంత చోటు, వెనక తడిసిన గోడ. అది చాలాసేపు అలాగే ఉంది. ఎత్యెన్ లేచి పైకి వెళ్లిపోయాడు.

నన్ను ఎవరూ అడగలేదు. మా పద్ధతి ప్రకారం పని సగమే అయినట్టు, అందుకని చేశాను. ఆయన ఫోటో ఒకటి గులాబీల చట్రంలో పెట్టి మూలన కూర్చోబెట్టాను. మర్నాడు పిలిచి చూపించాను. నవ్వుతాడని సిద్ధంగా ఉన్నాను, ఈసారి నవ్వితే ఏమనాలో కూడా అనుకుని పెట్టుకున్నాను. నవ్వలేదు. తెరకు దగ్గరగా కుర్చీ జరుపుకున్నాడు.

"పూలు తీసెయ్," అన్నాడు. "మూలన వద్దు. ఆ చోటులో నిలబడతాను."

ఫోటో పెడితే మల్లయ్య తలలా ఉంటుందని ఇద్దరికీ తెలుసు. డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కన నీలం దుప్పటి కట్టాను. నీలం గుడ్డ ముందు తీస్తే ఆ నీలాన్ని తీసేసి మనిషిని ఎక్కడైనా నిలబెట్టొచ్చు, పెళ్లికొడుకుల్ని మంచుకొండల మీద నిలబెట్టేది అలాగే. చిక్కేమిటంటే ఎత్యెన్ చొక్కాలన్నీ నీలమే. నీలం వేసుకుంటే మొండెం మాయమై తల ఒక్కటే గాల్లో ఉంటుంది. నల్ల కోటు ఆ ఎడారి దేశానికి ఎవరు తెచ్చుకుంటారు? షరఫియా ఫుట్‌పాత్ మీద కొన్న ఎర్ర గళ్ల చొక్కా ఒకటుంది, అదే వేసుకున్నాడు. మిట్టమధ్యాహ్నం ఎండ పనికిరాదని, ఎండ పల్చబడి ఎడమ నుంచి పడే వేళ ఆయనే చూసి పెట్టాడు. గొయ్యి ఉండే చోట ఒక ప్లాస్టిక్ బకెట్ పెట్టాను. అక్కడ చూడండి సార్ అన్నాను. పెద్ద డైరెక్టరు కదా, ప్రతిసారీ తనే, బాగాలేదు, మళ్లీ, అన్నాడు. భుజాలు నటిస్తున్నాయన్నాడు. చేతులు ఎక్కడ పెట్టాలో తెలియడం లేదన్నాడు. ఒకసారి బకెట్ వైపు చూస్తూ అలాగే ఉండిపోయాడు, మళ్లీ అనలేదు. నేను కెమెరా ఆపలేదు. ఆ తర్వాత చాలా శుక్రవారాలు ఆ ఒక్క బొమ్మ మీదే కూర్చున్నాం. నీడ కుడివైపు పొడుగ్గా గీశాం. బూట్లు తడిమట్టిలో కొంచెం దిగినట్టు చేశాం. తల్లి తల ఆయన భుజానికి వచ్చేలా ఎత్తు సరిచేశాం. అంతా అయ్యాక ఒక తేడా ఆయనే పట్టుకున్నాడు. అక్కడి చలికి అందరి నోళ్లలోంచీ ఆవిరి వస్తోంది, తన నోట్లోంచి రావడం లేదు. పెడతాను సార్ అన్నాను. వద్దు, అది ఉండనీ అన్నాడు. ఆ రెండేళ్లూ ఆయన తీసింది ఇది. ప్లాంటు వీడియోను కంపెనీ మార్చి మార్చి ఎవరిదో చేసేసింది, దాని లెక్క నాకు తెలియదు.

ఇప్పుడు మా ఊళ్లో చావు క్యాసెట్లు లేవు, నా స్టూడియో కూడా లేదు. మొన్న మా వీధిలో ఒకాయన పోతే దమ్మాంలో ఉన్న కొడుక్కి వీడియో కాల్ పెట్టారు. అల్లుడు ఫోను పైకెత్తి పట్టుకుని తిప్పుతుంటే, కొడుకు ఏడుపు స్పీకర్లో గరగరమంటూ వినిపించింది. ఎవరో, బాపు మొఖం జూపియ్యిరా, అంటుంటే సిగ్నల్ పోయింది. మళ్లీ కలిసేసరికి పాడె లేపేశారు. చూడడమైతే అప్పటికంటే ఇప్పుడే ముందు చూస్తున్నారు, మొహం దగ్గర ఎవరూ ఆగడం లేదు. వరసలో చోటు ఎవరూ వదలడం లేదు. ఎత్యెన్ ఫ్రాన్స్ వెళ్లాక ఇంకా రెండు సినిమాలు తీశాడు. హైదరాబాదులో అవి కూడా చూశాను. వాటిలో మనిషి కనబడతాడు. తలుపు తెరుచుకుంటుంది, ఆ మనిషి లోపలికి వస్తాడు, చొక్కా విప్పి కుర్చీకి తగిలిస్తాడు, భోజనానికి కూర్చుంటాడు. పుస్తకంలో దాన్ని ఆయన కళలో కొత్త దశ అన్నారు. ఆ దశ ఏ డాబా మీద మొదలైందో రాయలేదు. టైటిల్స్ చివరిదాకా కూర్చుని చదివాను, నా పేరు లేదు. ఆయన మీద నాకున్న ఫిర్యాదుల్లో ఇదీ ఒకటి, ఆయన పోయినంత మాత్రాన దాన్ని వెనక్కి తీసుకోను. అయితే ఒక్క రోజు సంగతి వేరు.

టేపు ఒక కాపీ ఓదిల్‌కు పంపాం, దాచుకోమని. ఆమె దాచలేదు. ఎవరినీ అడక్కుండా మార్సెల్ వాళ్లమ్మ దగ్గరికి తీసుకెళ్లి వేసి చూపించింది. అది మాకు తెలియదు. ఒక సాయంత్రం కింది నుంచి ప్రసాదరావుగారి కేక. "ఎత్యెన్‌గారూ, ఎవరో ముసలావిడండీ! ఒక్క ముక్క అర్థం కావట్లేదు, అరుస్తోంది!" ఎత్యెన్ మెట్లు దిగి రిసీవర్ అందుకున్నాడు. వినడమే తప్ప మాట్లాడింది లేదు. మధ్యమధ్య బడిలో నిలబెట్టినవాడిలా అవును మేడం, అవును మేడం అన్నాడు. పెట్టేశాక మెట్ల మీదే కూర్చున్నాడు. నేను పక్కన కూర్చున్నాను.

"మార్సెల్ వాళ్లమ్మ," అన్నాడు.

"ఏమంటది?"

"తిట్టింది. చావుకి ఆ చొక్కా ఏమిటంది. ఎర్ర గళ్లేమిటంది. ముందు వరసలో, నా పక్కన నిలబడేవాడివి, ఊరంతా చూస్తుంటే, ఒక నల్ల కోటు దొరకలేదా నీకు అంది."

జేబులోంచి చేతిరుమాలు తీశాడు.

"ఇన్నేళ్లలో ఆమె నన్ను ఒక్క మాట అనలేదు తెలుసా?" అన్నాడు. "రండి, కూర్చోండి, ఇంకొంచెం వేసుకోండి, వెళ్లిరండి. అంతే." మొహం చేతిరుమాలులో పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి, నవ్వో ఏడుపో నాకు అర్థం కాలేదు. తర్వాత ముక్కు తుడుచుకుని నా వైపు తిరిగాడు. "రాజేశం, నువ్వు రంగు మార్చగలవు కదా. నల్లగా చెయ్యి. ఆమెకు ఇంకో కాపీ పంపుదాం."

మార్చగలను. గంట పని కూడా కాదు.

"మార్చను సార్," అన్నాను. "చావుకు ఎట్ల పోయినమో అట్లనే పోయినం. ఆమె జూసింది, తిట్టింది. ఇగ మారిస్తే పోనట్టే అయితది."

ఆయన మళ్లీ అడగలేదు.